బెవరేజ్ యాంటెన్నాలో రొద: ఎర్త్ గుంట తవ్వే ముందు చేయాల్సిన పరీక్ష

బెవరేజ్ అంటే నేలకు కాస్త ఎత్తులో పొడవుగా లాగిన తీగతో, ముఖ్యంగా ఒక దిక్కు నుంచి వచ్చే సిగ్నళ్లు వినే యాంటెన్నా. చేను గట్టు వెంట 160 మీటర్ల తీగ లాగి, హామ్ రేడియో 1.8 మెగాహెర్ట్జ్ బ్యాండ్ వినడానికి కూర్చుంటారు. స్టేషన్లు వస్తాయి. వాటితో పాటు ఇంట్లోని ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్, ఫోన్ చార్జర్ల రొద కూడా వస్తుంది. ట్రాన్స్‌మిట్ యాంటెన్నాతో విన్నదానికీ దీనికీ తేడా ఏమీ కనబడదు. అడిగితే అందరిదీ ఒకటే జవాబు: ఎర్త్ సరిగ్గా లేదు. వెంటనే గుంట తవ్వి, బొగ్గూ ఉప్పూ పోసి, ఇంకో పైపు దించేస్తారు.

దయచేసి తవ్వకండి. 1921లో హెరాల్డ్ బెవరేజ్ పేటెంట్ పొందిన ఈ యాంటెన్నా కరెంటు బాగా పారని నేల మీదే బాగా పనిచేస్తుంది. ఎండిన ఎర్రనేల దీనికి వరం. తీగ ఇంపిడెన్స్ (రేడియో కరెంటుకు అది చూపే అడ్డు) సుమారు 450 ఓమ్‌లు. ఎర్త్ రాడ్ దగ్గర అదనంగా 100 ఓమ్‌లు అడ్డుపడినా పోయే సిగ్నల్ ఒక డెసిబెల్ కూడా ఉండదు. అంటే, రాడ్ ఒక మోస్తరుగా ఉన్నంత మాత్రాన ఇంటి రొద చేనులోకి రాదు. అది కోయాక్స్ (యాంటెన్నాను రిసీవర్‌కు కలిపే కేబుల్) షీల్డ్, అంటే దాని బయటి లోహపు పొర, పట్టుకుని నడిచి వస్తుంది.

వచ్చే దారి ఇదీ. తీగ 450 ఓమ్‌లను కోయాక్స్ 50 ఓమ్‌లకు జతచేసేది 9:1 ట్రాన్స్‌ఫార్మర్. చాలామంది దానిలో రెండు వైండింగులకూ కింది కాలు ఒకటే ఉంచుతారు. కోయాక్స్ షీల్డ్, యాంటెన్నా ఎర్త్ రెండూ ఒకే రాడ్‌కు చేరతాయి. ఇంటి నుంచి షీల్డ్ మీద వచ్చిన రొద కరెంటు ఆ రాడ్‌లోంచే భూమిలోకి దిగాలి. రాడ్‌కు ఉన్న నిరోధం వల్ల అక్కడ వోల్టేజి పుడుతుంది. ఆ వోల్టేజి యాంటెన్నా సర్క్యూట్‌లో సిరీస్‌లో పడుతుంది కాబట్టి, ట్రాన్స్‌ఫార్మర్‌కు అదీ సిగ్నలే. దాన్ని బుద్ధిగా రిసీవర్‌కు పంపేస్తుంది.

ఇందులో మోసం వాన పడినప్పుడు మొదలవుతుంది. నేల తడిసి రాడ్ నిరోధం తగ్గగానే రొద కూడా తగ్గుతుంది. ఉప్పు నీళ్లు పోసినా అంతే. దాంతో "చూశారా, ఎర్తే సమస్య" అని నిర్ధారించేసుకుంటారు. నేల ఆరాక రొద తిరిగొస్తుంది, మళ్లీ గుంట. ఈ తిరుగుడులో ఏళ్లు గడిపినవాళ్లున్నారు.

పరీక్ష రెండు మెట్లు. మధ్యాహ్నం చేయండి, అప్పుడు బ్యాండ్ మీద దూరపు స్టేషన్లుండవు, వినబడేదంతా చుట్టుపక్కల రొదే. ముందు తీగను ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఊడదీసి, యాంటెన్నా టెర్మినల్‌కూ ఎర్త్ టెర్మినల్‌కూ మధ్య 470 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. రిసీవర్ దాదాపు మూగబోవాలి. ఇంకా రొద వస్తే కనెక్టర్లోనో కేబుల్లోనో షీల్డ్ తెగింది. డిష్ కేబుల్ ఎఫ్ కనెక్టర్లలో ఇది మామూలే.

ఎక్కువమంది అక్కడితో ఆపి "కోయాక్స్ శుభ్రం" అనేసుకుంటారు. ఆ అమరికలో రాడ్ వోల్టేజి రెసిస్టర్‌కు అడ్డంగా పడదు, అందుకే దోషం దొరకదు. రెండో మెట్టు తప్పనిసరి. నాలుగైదు మీటర్ల దూరంలో గునపం గుచ్చి, రెసిస్టర్ కింది కాలును ఎర్త్ టెర్మినల్ నుంచి తీసి, నేల మీద పరిచిన తీగతో గునపానికి కలపండి. యాంటెన్నా తీగ లేనే లేదు. అయినా ఇంటి రొద లేచిందా? అదంతా షీల్డ్ మీదుగా వచ్చిందే.

పరిష్కారం: రెండు వైండింగులూ పూర్తిగా విడిగా ఉన్న ట్రాన్స్‌ఫార్మర్. బీఎన్-73-202 అనే ఫెరైట్ కోర్ మీద 50 ఓమ్‌ల కోయాక్స్‌కు 2 చుట్లు, తీగ వైపు 6 చుట్లు. 75 ఓమ్‌ల ఆర్‌జీ-6 అయితే 2కి 5. కోయాక్స్, ఎర్త్ తీగ రెండూ విప్పి, రెండు వైపుల మధ్య మల్టీమీటర్ పెడితే పూర్తిగా ఓపెన్ (మధ్యలో కరెంటు దారే లేదని) చూపాలి. కొన్ని రెడీమేడ్ డబ్బాల్లో రెండు ఎర్త్‌లనూ కలుపుతూ చిన్న జంపర్ ఉంటుంది, కత్తిరించేయండి. షీల్డ్‌కు యాంటెన్నా రాడ్‌తో సంబంధం ఉండకూడదు. ఇంటి వైపు కొన్ని మీటర్లు వెనక్కి జరిగి షీల్డ్‌కు వేరే రాడ్ వేయండి. ఆ రాడ్‌కూ ట్రాన్స్‌ఫార్మర్‌కూ మధ్య 31 రకం ఫెరైట్ రింగ్ మీద సన్న కోయాక్స్‌తో 10 చుట్ల చోక్ (షీల్డ్ మీది రొద కరెంటును ఆపేది) పెట్టండి. ఆ తర్వాత గునపం పరీక్ష మళ్లీ చేయండి.

రొద లేదు, కానీ ముందు నుంచీ వెనక నుంచీ ఒకేలా వినబడుతోందంటే అది వేరే సమస్య, చివరి రెసిస్టర్ (తీగ అవతలి కొనను అక్కడి ఎర్త్ రాడ్‌కు కలిపేది) దగ్గర చూడాలి. ట్రాన్స్‌ఫార్మర్ వైపు తీగ ఊడదీసి, తీగకూ రాడ్‌కూ మధ్య ఓమ్‌లు కొలవండి. నేలలో ఉండే చిన్న వోల్టేజి వల్ల రీడింగ్ తప్పుతుంది, ప్రోబులు తారుమారు చేసి సగటు తీయండి. 550 నుంచి 750 వస్తే బాగున్నట్టే. వెయ్యి దాటితే క్లాంపు తుప్పు పట్టి ఉంటుంది, లేదా నేల ఎండి ఉంటుంది: రాడ్ నుంచి 8-10 మీటర్ల తీగలు నాలుగు నేల మీద పరచండి. అసలు రీడింగే లేకపోతే తీగ తెగింది, లేదా పిడుగుకు రెసిస్టర్ కాలింది. కొత్తది మెటల్ ఆక్సైడ్ రకం వేయండి. తెల్ల సిమెంట్ రెసిస్టర్ వద్దు, లోపల ఉండేది చుట్టిన తీగ, దాని ఇండక్టెన్స్ లెక్క పాడుచేస్తుంది.

దగ్గర్లో మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ ఉంటే హైపాస్ ఫిల్టర్ (తక్కువ ఫ్రీక్వెన్సీలను ఆపేది) పెట్టండి. సోలార్ ఫెన్సింగ్ టక్కు టక్కుమంటే ఫెన్సింగ్ తీగకు ఎక్కడ మొక్క తగులుతోందో వెతకండి. ఇక యాంటెన్నా ఎర్త్‌ను ఇంటి కరెంటు ఎర్త్‌కు మాత్రం కలపకండి. పిడుగుల భద్రత కోసం కోయాక్స్ ఇంట్లోకి వచ్చే చోట షీల్డ్‌ను ఇంటి ఎర్త్‌కు కలిపి, మబ్బు పట్టగానే కేబుల్ విప్పేయండి.