కారు జీపీఎస్‌కు సిగ్నల్ దొరకట్లేదా? ముందు మిగతా వైర్లు పీకి చూడండి

స్క్రీన్ మీద "ఉపగ్రహాల కోసం వెతుకుతోంది" అని వచ్చి అలాగే ఉండిపోతుంది. లేదంటే సిగ్నల్ దొరికినట్టే దొరికి, బాణం గుర్తు రోడ్డు దిగి ఎటో పోతుంది. జనం వెంటనే మ్యాప్ అప్‌డేట్ చేస్తారు. కొత్తగా వేసిన రోడ్డు మీద మాత్రమే బాణం పక్కకు పోతుంటే అది పాత మ్యాప్ తప్పే. అన్నిచోట్లా అంతే అయితే మ్యాప్‌కు సంబంధం లేదు. ఆ తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ చేస్తారు. దాచుకున్న అడ్రస్‌లు పోతాయి, సమస్య పోదు.

పరికరం నెలల తరబడి డ్రాయర్‌లో ఉండి ఇప్పుడే బయటికి వచ్చిందా? అయితే ఆకాశం బాగా కనిపించే చోట కారు ఆపి 15 నిమిషాలు కదలకండి. ప్రతి ఉపగ్రహం తన కక్ష్య వివరాలను 30 సెకన్లకోసారి, సెకనుకు 50 బిట్ల నత్తనడకతో పంపుతుంది. మధ్యలో ఏ వంతెన కిందికో వెళ్తే ఆ విడత పోయినట్టే, మళ్లీ మొదటి నుంచి వినాలి. అన్ని ఉపగ్రహాల స్థూల పట్టిక పూర్తిగా అందడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. ఈ మాట ఎంతమందికి చెప్పినా, ఆన్ చేసిన మరుక్షణం గేరు వేసేవాళ్లే ఎక్కువ.

సెట్టింగ్స్‌లో సిమ్యులేషన్ లేదా డెమో ఆన్‌లో ఉందేమో కూడా చూడండి. ఇంట్లో కూర్చుని రూటు చూసుకోవడానికి ఆన్ చేసి మర్చిపోతుంటారు.

ఇవన్నీ సరిగ్గానే ఉండి, కారు బయట చేతిలో పట్టుకుంటే చక్కగా పనిచేస్తూ, కారులో పెట్టగానే మొరాయిస్తోందా? నన్ను ఏడిపించింది ఇదే. నేనైతే పరికరం విప్పి యాంటెన్నా చూశాను. బాగానే ఉంది. అదే మోడల్ ఇంకొకటి కొన్నాను. అదీ అంతే! చివరికి తేలిందేమిటంటే, అసలు దొంగ డాష్‌క్యామ్, అంటే ముందున్న రోడ్డును రికార్డ్ చేసే చిన్న కెమెరా. అంతకు నెల ముందే దాన్ని ముందు అద్దానికి తగిలించాను. దారి చూపించే పనితో దానికేం సంబంధం అనుకుని, దాని వైపు చూడనే లేదు.

జీపీఎస్ సిగ్నల్ దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి వస్తుంది. మన దాకా చేరేసరికి అతి బలహీనంగా ఉంటుంది. కారు చార్జర్ 12 వోల్టులను 5 వోల్టులకు దించడానికి కరెంటును సెకనుకు లక్షలసార్లు ఆపి వదులుతుంది, దాంతో రేడియో రొద పుడుతుంది. డాష్‌క్యామ్ లోపలి ప్రాసెసర్‌దీ ఇలాంటి హడావిడే. చౌకరకం వాటిలో ఆ రొదను ఆపే ఫిల్టర్లు, షీల్డింగ్ సరిగ్గా ఉండవు. ఆ రొద జీపీఎస్ సిగ్నల్ వచ్చే 1575.42 మెగాహెర్ట్జ్ దాకా పాకితే జీపీఎస్‌కు ఇంకేమీ వినబడదు.

పట్టుకోవడం తేలికే. బయలు ప్రదేశంలో ఆగి, ఉపగ్రహాల బార్లు కనిపించే పేజీ తెరవండి. కొన్ని మోడళ్లలో సిగ్నల్ గుర్తును నొక్కి పట్టుకుంటే అది వస్తుంది. వెనక సీటువాళ్ల ఫోన్ చార్జర్‌తో సహా అన్నీ పీకేసి, జీపీఎస్‌ను సొంత బ్యాటరీ మీద నడపండి. డాష్‌క్యామ్ స్క్రీన్ ఆరితే చాలదు. వైరు పీకినా లోపలి బ్యాటరీతో రికార్డ్ చేస్తూనే ఉండొచ్చు, పూర్తిగా ఆపండి. రెండు నిమిషాల్లో బార్లు లేచాయా? ఇక ఒక్కోటీ తగిలిస్తూ, ప్రతిసారీ ఒక నిమిషం ఆగి చూడండి. ఏది పెట్టగానే బార్లు పడిపోతాయో అదే దొంగ. ఒక్కోసారి అది జీపీఎస్ సొంత చార్జరే అవుతుంది.

దూరం జరపడమే మొదటి మందు. డాష్‌క్యామ్ అద్దానికి ఒక చివర ఉంటే జీపీఎస్ రెండో చివర ఉండాలి. వాటి వైర్లను కలిపి కట్టకండి. చార్జర్ తప్పయితే, పరికరంతో పాటు వచ్చిన చార్జర్‌కు తిరిగి వెళ్లండి. వైరుకు తగిలించే ఫెరైట్ క్లిప్ (వైరులోని రొదను అణిచే చిన్న బిళ్ల) కొంత పనిచేస్తుంది, కానీ రొద వైరు గుండా వస్తేనే. కెమెరా ఒంట్లోంచే వస్తుంటే పది క్లిప్పులు పెట్టినా దండగ.

మిగిలినవి అరుదు. ముందు అద్దానికి లోహపు పూత ఉంటే, సాధారణంగా వెనక చూసే అద్దం దగ్గర పూత లేని చోటు వదులుతారు, అక్కడ బిగించండి. తేదీ ఏళ్ల కొద్దీ వెనక్కి చూపిస్తుంటే అది జీపీఎస్ వారాల లెక్క గొడవ. ఆ లెక్క 1024 వారాలకోసారి సున్నాకు తిరుగుతుంది, చివరిసారి 2019 ఏప్రిల్‌లో అలా తిరిగింది. తయారీదారు కొత్త ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) ఇస్తే ఎక్కించండి, ఇవ్వకపోతే ఆ పరికరాన్ని వదిలేయండి. యాంటెన్నా నిజంగానే పాడైతే కారు బయట, బ్యాటరీ మీద కూడా సిగ్నల్ రాదు. అలాంటిది రిపేరుకే.