వాటర్ ప్లాంటును లెక్క అడగాలంటే: ఒక తాడు, రెండు బకెట్లు

నాది వింజమూరులో మోటార్ వైండింగ్ షాపు. మా మెట్టలో బోరు లోతు పైపుల్లో చెబుతారు, పైపుకి ఇరవై అడుగులు. మా వీధి చివర వాటర్ ప్లాంటు పెట్టి ట్యాంకర్లు తోలడం మొదలైన ఎండాకాలం చుట్టుపక్కల బోర్లలో నాలుగేసి పైపులు అదనంగా దించాను. నాకు పని దొరికింది, నిజమే. మా ఇంటి బోరుకీ దించాల్సి వచ్చాకే టెన్షన్ మొదలైంది.

ఓనరును నిలదీస్తే "వానల్లేవు, నేనేం చేసేది?" అంటాడు. వానల్లేని మాట అబద్ధమేం కాదు. అందుకే చేతిలో లెక్క ఉండాలి.

ప్లాంటుకు దగ్గర్లో మోటారు తీసేసిన బోరు ఒకటి వెతకండి. నైలాన్ తాడుకు బోల్టు కట్టి, అయిదడుగులకో ముడి వేయండి. తెల్లవారి ప్లాంటు మోటారు వేయకముందు ఒకసారి, సాయంత్రం ఆపేముందు ఒకసారి లోపలికి వదలండి. దించిన తాడులో తడిసిన మేర తీసేస్తే నీళ్లు ఎంత లోతున ఉన్నాయో తెలుస్తుంది. రోజూ తేదీ వేసి రాయండి. కరెంటు లేక ప్లాంటు ఆగిన రోజు మాత్రం కొలవడం మానొద్దు. ఆ రోజు మట్టం పైకొస్తే అంతకు మించిన రుజువు లేదు. బోరు మూత మళ్లీ బిగించకుండా కదలకండి, పిల్లలు తిరిగే చోటు.

ట్యాంకర్లు లెక్కపెట్టడం తేలిక. మా దగ్గర పగలు పన్నెండు ట్రిప్పులు, ఒక్కోటి 5,000 లీటర్లు, అంటే 60,000. జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లంటోంది. వెయ్యి మందికి పైగా సరిపోయే నీళ్లవి.

ఇక బకెట్లు. క్యాన్లు పట్టే పైపు కింద ఒకటి, శుద్ధి చేయగా మిగిలిన నీళ్లను కాలవలోకి వదిలే పైపు కింద ఒకటి, రెండూ ఒకేసారి పెట్టండి. మా దగ్గర క్యాన్ల బకెట్ ఒకసారి నిండేలోపు కాలవ బకెట్ రెండుసార్లు నిండింది. ఆ నీళ్లను ఇంకుడు గుంతలోకి వదలమని మాత్రం అడగొద్దు, మేం మొదట చేసిన తప్పు అదే. ఉప్పూ ఫ్లోరైడూ చిక్కబడ్డ నీళ్లవి, మళ్లీ మన బోర్లలోకే దిగుతాయి. మరుగుదొడ్లకు, బండ్లు కడగడానికి వాడమనండి. ఇంకుడు గుంతకు రేకుల మీద పడే వాన నీళ్లు మళ్లించమనండి.

ఆ తర్వాత ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు పెట్టండి, జవాబుకు గడువు 30 రోజులు. 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద బోరుకు అనుమతి ఉందా, ప్రభుత్వ మంచినీటి బోరుకు 250 మీటర్లలోపు వేశారా అని తహసీల్దారు ఆఫీసును అడగండి. కరెంటు ఆఫీసులో ఇంకో ముక్క: ఆ బోరు సర్వీసు ఏ కేటగిరీ? రైతు ఉచిత కరెంటుతో నీళ్లమ్మితే అక్కడే దొరికిపోతారు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి, రసీదు నంబరు తప్పకుండా తీసుకోండి.

నోట్‌బుక్ చూసి మా ఓనరు నవ్వాడు. అర్జీ నంబరు చూపిస్తే రాత్రి ట్రిప్పులు ఆపాడు. పగలు ఇంకా పన్నెండే తోలుతున్నాడు.