ఫోమ్ కప్ప ఫ్లై కట్టుకుందాం – 3వ భాగం: ఒళ్ళు

ఫ్లై అంటే చేపని మోసగించడానికి గాలం మీద కట్టే ఎర, మనది నీళ్ళ మీద తేలే కప్ప. కిందటి భాగం వరకు వచ్చినవాళ్ళ వైస్‌లో (గాలాన్ని కదలకుండా పట్టి ఉంచే బిగింపు) ఈపాటికి ఒక 1/0 సైజు స్టింగర్ గాలం (వంపు వెడల్పుగా ఉండేది), దాని వెనక రబ్బరు కాళ్ళు, వంపు దగ్గర వేలాడుతూ ఒక నైలాన్ ముక్క ఉండాలి. చూడ్డానికి అడ్డంగా ఉంది కదా అని దాన్ని కత్తిరించకండి, రేపు గాలం నాచులో చిక్కుకోకుండా కాపాడేది అదే.

ఫోమ్ కోసం విదేశీ సైట్లు వెతకనక్కర్లేదు. చెన్నైలో ప్యారీస్ బజారు వైపు వెళ్తే పిల్లల స్కూల్ ప్రాజెక్టులకి అమ్మే ఈవీఏ షీట్ దొరుకుతుంది. 6 మిల్లీమీటర్లది ఆకుపచ్చ ఒకటి, తెలుపు ఒకటి తీసుకోండి. అంత మందం లేదంటే 2 మిల్లీమీటర్లవి మూడేసి అంటించుకోండి. థర్మకోల్ జోలికి మాత్రం వెళ్ళకండి, ఫెవిక్విక్ తగిలితే కరిగిపోతుంది. రెండు రంగులూ అంటించి, ఆరాక, కొత్త బ్లేడుతో 35 మిల్లీమీటర్ల పొడవు, 18 వెడల్పు ఉండే కోడిగుడ్డు ఆకారం కోయండి. పైన చుక్కలు పెట్టుకోవడం మన సరదా, చేప చూసేది తెల్లటి పొట్టనే.

అసలు పని ఇప్పుడు. గాలం కాడ (తిన్నగా ఉండే భాగం) కూర్చోడానికి పొట్టవైపు మధ్యలో పొడవునా గాటు పెట్టాలి, లోతు మొత్తం 12 మిల్లీమీటర్ల మందంలో మూడో వంతు, అంటే 4 మిల్లీమీటర్లు, అంతకు మించకూడదు. గట్టిగా ఉంటుందిలే అని లోతుగా కోస్తే కాడ ఒంట్లోకి దిగిపోతుంది, పొట్టకీ గాలం మొనకీ మధ్య ఖాళీ తగ్గిపోతుంది, చేప కొట్టినా మొన గుచ్చుకోదు. ఆ ఖాళీలో పెన్సిల్ ధారాళంగా దూరాలి. కాడ కిందుగా ఉంటే ఇంకో లాభం, గాలం బరువు అడుగున ఉండి కప్ప తిరగబడకుండా నిలబడుతుంది.

కాడ నున్నగా ఉంటే ఒళ్ళు గిర్రున తిరిగిపోతుంది. అందుకే ముందు దారం అటూ ఇటూ అడ్డదిడ్డంగా చుట్టి గరుకు చేయండి, ఆ మీద ఫెవిక్విక్ రాసి, గాటు తెరిచి కాడ మీదికి నొక్కి, వంకర ఉంటే వెంటనే సరిచేయండి, ఎందుకంటే తర్వాత కదలదు. జిగురుని నమ్మనివాళ్ళు వెనక కొసన నాలుగు చుట్లు వేసుకోవచ్చు, కానీ మొదటి రెండూ వదులుగా వేసి తర్వాతే బిగించాలి. జెల్‌స్పన్ అనే సన్నటి, చాలా గట్టి దారమైతే ఫోమ్‌ని బ్లేడులా కోసేస్తుంది.

ఇక మూతి. అమెరికన్ వీడియోల్లో మూతిని గుంటగా చెక్కుతారు, లాగినప్పుడు బుడుంగుమని చప్పుడు రావాలని. అది లార్జ్‌మౌత్ బాస్ కోసం. ఆ చేప నోరు ఒక్కసారిగా తెరిచి నీళ్ళతో సహా కప్పని లోపలికి పీల్చేస్తుంది. మన చెన్నై చుట్టుపక్కల చెరువుల్లో కొట్టేది కొర్రమీను, ఇక్కడివాళ్ళ విరాల్. దానికి పళ్ళున్నాయి, చాలాసార్లు వెనకనుంచి కాళ్ళు పట్టి లాగి వదిలేస్తుంది. కాబట్టి కాళ్ళు గాలం వంపు దాటి ఒకటిన్నర అంగుళం చాలు. గుర్రపుడెక్క మీంచి లాగాలంటే గుంట మూతి ప్రతి ఆకునీ తవ్వుకుంటూ వస్తుంది, నన్నడిగితే కోసుగా చెక్కడమే మేలు.

ఆరాక బకెట్లో వేసి చూడండి. కుడివైపు ఒరిగితే ఎడమవైపు ఫోమ్ ఎక్కువైనట్టు, అక్కడే కొంచెం కొంచెంగా గీకుతూ మళ్ళీ వేసి చూడండి. కళ్ళు, నైలాన్ ముడి వచ్చే భాగంలో.