వేలంలో పాత బండి కొనాలా? ముందు నంబర్లు చూడండి

పాత మోటార్‌సైకిళ్ల వేలానికి కొత్తగా వెళ్లేవాళ్లు ట్యాంక్ మీద మెరుపు చూసి పడిపోతారు. నేనూ పడ్డాను లెండి. రంగు, క్రోమ్ డబ్బు పెడితే ఎవరైనా వేయిస్తారు, మీరు అసలు ధర చెల్లించేది నంబర్లకు, కాగితాలకు.

కేటలాగ్ రాగానే ఇంజిన్ నంబర్, ఫ్రేమ్ నంబర్ రాసుకోండి. ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన విన్సెంట్ ట్విన్లలో, అంటే ఆ బ్రిటిష్ కంపెనీ రెండు సిలిండర్ల బండ్లలో, ముందు వైపు ఫ్రేమ్ నంబర్‌లోంచి ఇంజిన్ నంబర్ తీసేస్తే 1900 మిగలాలి, వెనక ఫ్రేమ్ మీదా ముందున్న నంబరే ఉండాలి, క్రాంక్‌కేస్ (ఇంజిన్ కింది పెట్టె) రెండు ముక్కల మీదా జత నంబర్ ఒకటే అయ్యుండాలి, వీటిలో ఏది తేడా కొట్టినా అది రెండు మూడు బండ్లు కలిపి కూర్చిందన్నమాట. నడుపుకోవడానికి అలాంటిదీ భేషుగ్గానే ఉంటుంది, ఒరిజినల్ ధర మాత్రం పెట్టకండి. హార్లే డేవిడ్‌సన్‌లో 1969 మోడల్ వరకు ఫ్రేమ్ మీద నంబరే ఉండదు, అన్నిటికీ ఇంజిన్ నంబరే ఆధారం. అందుకే ఆ నంబర్ అచ్చు కొట్టిన చోట అరగదీసిన గుర్తులో, వంకర అంకెలో కనిపిస్తే నేనైతే అక్కడే ఆగిపోతాను.

బ్రిటిష్ బండి అయితే అనుమానం తీర్చుకోవడం తేలిక. ఇంగ్లండ్‌లోని వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ దగ్గర చాలా కంపెనీల పాత రికార్డులున్నాయి, ఫీజు కడితే బండి ఏ ఏడాదిదో రాసిస్తారు. "మా తాతగారు నడిపిన బండి" అనే కథకు మాత్రం కాగితం లేకపోతే పైసా విలువ లేదు.

తుప్పుకు మరీ భయపడకండి. ఇంగ్లండ్‌లోని బాడ్మిన్ మూర్‌లో ఒక కొట్టంలో దశాబ్దాలుగా పడున్న 8 బ్రఫ్ సుపీరియర్లు (పాతకాలపు ఖరీదైన బ్రిటిష్ బండ్లు), కొన్నయితే విడిభాగాల కుప్పలే, 2016 వేలంలో పోటీపడి మరీ కొన్నారు. నన్నడిగితే ఏళ్లతరబడి మ్యూజియంలో కదలకుండా నిలబడ్డ తళతళలాడే బండే ఎక్కువ టెన్షన్. లోపల ఆయిల్ గడ్డకట్టి, పిస్టన్ రింగులు పట్టేసి ఉండొచ్చు, స్టార్ట్ చేసి చూడనివ్వరు కూడా. ఇంజిన్ మొత్తం విప్పాల్సి వస్తుందనే లెక్కేసుకోండి.

ఇక పాట. సుత్తి పడిన ధరే చివరి ధర కాదు. దాని మీద బయ్యర్స్ ప్రీమియం, అంటే కొన్నవాళ్ల దగ్గర వేలం సంస్థ తీసుకునే కమీషన్, తరచుగా 10 నుంచి 15 శాతం, ఒక్కోచోట ఇంకా ఎక్కువ ఉంటుంది, ఆపైన పన్నులు, రవాణా, వేరే దేశం నుంచి తెప్పిస్తే దిగుమతి సుంకం. కాబట్టి మీ దగ్గరున్న మొత్తంలోంచి ఇవన్నీ తీసేసి, మిగిలిన అంకెను కేటలాగ్ వెనక రాసుకుని, పాట అది దాటగానే చెయ్యి దించేయండి. హాల్లో వేడి మీద ఆ పని కష్టమే, అందుకే చాలామంది ముందే రాతపూర్వకంగా బిడ్ ఇచ్చి ఇంట్లో కూర్చుంటారు.

రిజర్వ్ ధర (యజమాని ముందే పెట్టుకున్న కనీస ధర) అందక అమ్ముడుపోని బండ్లనూ గుర్తుపెట్టుకోండి. వేలం అయిపోయాక కౌంటర్‌లో అడిగితే యజమానితో బేరం కుదిర్చి పెడతారు, అప్పుడు మీ మీద పాట పెంచేవాడు పక్కన ఉండడు.