వాక్యం చదువుతున్నా ఎదుగుదల ఎందుకు ఆగిపోతుంది?

ఏళ్ల తరబడి క్రమంగా బైబిలు చదివే విశ్వాసి కూడా ఆత్మీయంగా ఒకచోట నిలిచిపోవడం అరుదేమీ కాదు. అటువంటప్పుడు చాలామంది రోజుకు చదివే అధ్యాయాల సంఖ్య పెంచుతారు. నా పరిశీలనలో లోపం ఎక్కువసార్లు చదివే మోతాదులో కాక, చదువు ఒకే పక్కకు ఒరిగిపోవడంలో ఉంటుంది.

సమస్య: వాగ్దాన వచనాలు ఎన్నో కంఠస్థంగా ఉన్నా, శ్రమ ఎదురైన వెంటనే విశ్వాసం తడబడుతుంది.

కారణం: వచనాన్ని దాని సందర్భం నుండి వేరు చేసి పట్టుకోవడం. యిర్మీయా 29:11 ఇందుకు చక్కని ఉదాహరణ. సమాధానకరమైన ఉద్దేశాలను గురించిన ఆ మాట బబులోను చెరలో ఉన్నవారికి ప్రవక్త పంపిన లేఖలోనిది. దానికి ముందు వచనమే 70 సంవత్సరాల నిరీక్షణను ప్రకటిస్తుంది కనుక, ఆ లేఖ విన్న పెద్దవారిలో చాలామంది తిరుగు ప్రయాణాన్ని కళ్లారా చూడలేదు. రెండేళ్లలోనే విడుదల వస్తుందని 28వ అధ్యాయంలో హామీ ఇచ్చిన హనన్యా అబద్ధ ప్రవక్తగా తేలాడు. త్వరగా నెరవేరుతుందన్న మాటే ఎప్పుడూ వినసొంపుగా ఉంటుంది!

పరిష్కారం: ప్రతి వాగ్దానాన్నీ దాని అధ్యాయమంతటితో కలిపి, ఎవరు ఎవరికి ఏ స్థితిలో చెప్పారో గమనిస్తూ చదవాలి. ఇప్పుడున్న అధ్యాయ విభజన 13వ శతాబ్దం నాటిది, కొత్త నిబంధనకు నేటి వచన సంఖ్యలు 1551లో చేర్చినవి. కాబట్టి ఫిలిప్పీయుల వంటి నాలుగు అధ్యాయాల పత్రికను, మొదట అందుకున్న సంఘం విన్నట్లుగా, ఒకే విడతలో చదవడం మేలు. వాగ్దానాలతోపాటు విలాప కీర్తనలు కూడా చదవాలి. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుందని తెలిసినవాడు తన చీకటి దినాన ప్రార్థన మానుకోడు.

సమస్య: పఠన ప్రణాళిక లేవీయకాండము దగ్గర ఆగిపోయి, చదువు సువార్తలకు, పత్రికలకు పరిమితమవుతుంది.

కారణం: 66 పుస్తకాలలో 39 పాత నిబంధనవే అయినా, వాటిని ముగిసిపోయిన చరిత్రగా భావించడం. అయితే శోధన సమయంలో యేసు అపవాదికి మూడుసార్లూ ద్వితీయోపదేశకాండములోని మాటలతోనే బదులిచ్చాడు. పొరుగువానిని ప్రేమించాలన్న ఆజ్ఞ లేవీయకాండము 19:18లోనిదే.

పరిష్కారం: కష్టమైన గ్రంథాన్ని ఒంటరిగా మోయకుండా జతగా చదవాలి. లేవీయకాండము 16వ అధ్యాయంలోని ప్రాయశ్చిత్త దినాన్ని, ఆ బలులను క్రీస్తు బలితో పోల్చే హెబ్రీ పత్రిక 9, 10 అధ్యాయాల పక్కన పెడితే రెండూ తెరుచుకుంటాయి.

సమస్య: వాక్య జ్ఞానం పెరుగుతుంది, వాదనలో గెలుపు దక్కుతుంది, ఇంట్లోవారికి మాత్రం ఏ మార్పూ కనబడదు.

కారణం: నచ్చిన సిద్ధాంతానికి ఆధారాలు వెదకడమే అధ్యయనమైపోవడం. విశ్వాసాన్ని నొక్కిచెప్పే రోమా పత్రికను మాత్రమే పట్టుకున్నవాడు, క్రియలను నొక్కిచెప్పే యాకోబు పత్రికను దాటవేస్తాడు, యాకోబును పట్టుకున్నవాడు రోమాను దాటవేస్తాడు. ఇద్దరు రచయితలూ, అబ్రాహాము నమ్మగా అది అతనికి నీతిగా ఎంచబడిందన్న ఆదికాండము 15:6నే ఉదహరించారన్న సంగతి ఇరువురి దృష్టికీ రాదు.

పరిష్కారం: లేఖనం ఉపదేశానికి, ఖండనకు, తప్పు దిద్దడానికి, నీతియందు శిక్షకు, అంటే తర్ఫీదుకు, ప్రయోజనకరమని 2 తిమోతి 3:16 చెబుతుంది. మనం సాధారణంగా మొదటిదానితో సరిపెట్టుకుంటాం. చదివిన భాగం నాలో ఏ తప్పును చూపిందన్న ప్రశ్నకు జవాబు రాసుకొని, ఆ వారంలోనే చేయదగిన ఒక పనిని, అడగాల్సిన ఒక క్షమాపణనైనా సరే, నిర్ణయించుకోవాలి.

ఒంటరిగా చదివేవారికి వింత భావాలు తోచడం మరో చిక్కు. తెలిసినవారితో కలిసి చదవడమే దానికి విరుగుడు. యెషయా గ్రంథం చదువుతున్న ఐతియొపీయుడైన నపుంసకుడు తనకు త్రోవ చూపేవారు కావాలని సువార్తికుడైన ఫిలిప్పుతో ఒప్పుకొని, అతణ్ణి రథమెక్కి తన పక్కన కూర్చోమన్నాడు.