పెద్దావిడ రాసుకున్న బతుకు పుస్తకం పదిమంది కలిసి చదవడం ఎలా

పుర్రెకో బుద్ధి అంటారు కదా, ఆ మాట కళ్లారా చూడాలంటే ఒక పెద్ద వయసు రచయిత్రి తన జీవితం గురించి రాసిన పుస్తకాన్ని పదిమంది చేత చదివించి ఒక గదిలో కూర్చోబెట్టండి చాలు. ఒకరు "ఆవిడకి దండం పెట్టాలండీ" అంటారు. పక్కావిడ "అంత పడుండాల్సిన అవసరం ఏమొచ్చింది?" అంటుంది. ఇంకొకరు ఏమీ మాట్లాడరు, టీ తాగి వెళ్లిపోతారు, రాత్రి అందరూ పడుకున్నాక మాత్రం మీకు ఇంత పొడుగు వాట్సాప్ మెసేజ్ పెడతారు. ఇది చూసి నిర్వాహకులకి టెన్షన్ మొదలవుతుంది. చివర్లో "అందరూ చెప్పిందీ కరెక్టే" అని సర్దేసి, గ్రూప్ ఫొటో దిగి పంపించేస్తారు. అలా సర్దేయకండి అన్నదే నా గోల. అందరూ ఒక మాట మీదకి రానక్కర్లేదు గానీ, ఎవరి మాట పుస్తకంలో ఏ చోట పుట్టిందో వేలు పెట్టి చూపించగలగాలి. మీరు చేయాల్సిన పని అంతే. ఎలా చేయాలో చెబుతాను.

ముందు పుస్తకం ఏ రకమో తేల్చుకోండి. మాలతీ చందూర్ గారు ఆంధ్రప్రభ వారపత్రికలో దశాబ్దాల పాటు 'ప్రమదావనం' నడిపారు. పాఠకులు అడిగేవారు, ఆవిడ జవాబు రాసేవారు, వంటల దగ్గర్నుంచి సంసారంలో గొడవల దాకా. అది సూటిగా సలహా. అలాంటివి చదివేటప్పుడు "ఇది నాకు పనికొస్తుందా, ఇప్పటికీ చెల్లుతుందా" అని అడగడం న్యాయమే. కొండపల్లి కోటేశ్వరమ్మ గారి 'నిర్జన వారధి' అలాంటిది కాదు. 2012లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది, అప్పటికి ఆవిడకి తొంభై దాటాయి. ఆవిడ తన బతుకు చెప్పుకున్నారు తప్ప మీరిలా బతకండి అని కూర్చోబెట్టి పాఠం చెప్పలేదు. పాఠం తీసుకునేది మనం. అందుకే "ఆవిడ మనకి ఓర్పు నేర్పుతున్నారు" అని ఎవరైనా అంటే మెల్లగా "ఎక్కడండీ, ఆ చోటు ఒకసారి చదవండి" అనండి. వెతికి చదివేసరికి చాలాసార్లు ఆ ఓర్పు పాఠం చదివినావిడ సొంతమని తేలుతుంది. సొంతమైతే తప్పేం లేదు, తనదని తెలిస్తే చాలు.

ఇక్కణ్నుంచి ఈ పుస్తకాన్నే పట్టుకుని చెబుతాను, ఎందుకంటే దీని మీద వచ్చినన్ని రకాల మాటలు నేను ఇంకే పుస్తకం మీదా వినలేదు.

చదవనివాళ్ల కోసం క్లుప్తంగా. ఆవిడ 1918లో కృష్ణా జిల్లా పామర్రులో పుట్టారు. ఊహ తెలియని వయసులోనే పెళ్లి, ఆ వెంటనే వైధవ్యం. పెద్దయ్యాక కొండపల్లి సీతారామయ్యతో మళ్లీ పెళ్లి. కమ్యూనిస్టు పార్టీ, పాటలు, నాటకాలు, నిర్బంధం వచ్చినప్పుడు పిల్లల్ని తల్లి దగ్గర వదిలి అజ్ఞాతవాసం. తర్వాత భర్త ఆవిడని వదిలేసి వెళ్లిపోయారు. ముప్ఫై దాటిన వయసులో హైదరాబాద్‌లో ఆంధ్ర మహిళా సభలో చేరి చదువుకున్నారు, కాకినాడలో ఆడపిల్లల హాస్టల్లో ఉద్యోగం చేశారు. కొడుకు, కూతురు ఇద్దరూ తనకంటే ముందే పోయారు. మనవరాళ్లున్నారు. 2018 సెప్టెంబరులో, నూరేళ్లు నిండాక, విశాఖపట్నంలో కన్నుమూశారు.

కూర్చునే ముందు ఒక్క కాగితం తయారు చేసి అందరికీ పంపండి. తెలంగాణ సాయుధ పోరాటం 1946 నుంచి 1951 దాకా, పార్టీ చీలిక 1964, సీతారామయ్య పీపుల్స్ వార్ అనే నక్సలైటు పార్టీ పెట్టింది 1980, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఇంతే. ఇది లేకపోతే సగం సమయం "ఈయన ఏ పార్టీ, ఆయన ఎప్పుడు విడిపోయాడు" దగ్గరే పోతుంది. అలాగని చరిత్ర క్లాసు పెట్టకండి. ప్రతి గుంపులోనూ పార్టీ చరిత్ర అంతా నోటికి వచ్చిన రిటైర్డ్ మాస్టారు ఒకరుంటారు, మైకు ఆయన చేతికి వెళ్లిందంటే కోటేశ్వరమ్మ గారు తన పుస్తకంలోనే పక్కపాత్ర అయిపోతారు. ఆవిడ జీవితం అంతా చదివి చివరికి సీతారామయ్య గురించే మాట్లాడుకుని లేవడం నేను చూశాను. ఆ కాగితం మీదే ఇంకో మాట కూడా రాయాలి: ఈ పుస్తకంలో పిల్లల మరణాలున్నాయి, కూతురి ఆత్మహత్య ఉంది. ముందే చెప్పండి. ఇంట్లో అలాంటిది జరిగినవాళ్లు ఆ పేజీలు దాటేయాలనుకుంటే దాటేస్తారు, రాకూడదనుకుంటే రారు. మానసిక ఇబ్బందుల్లో ఉన్నవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416 కూడా కింద రాసి పెట్టండి, అవసరం పడకపోతే మంచిదే.

కూర్చున్నాక మొదటి ప్రశ్న "పుస్తకం ఎలా ఉంది?" అని మాత్రం వేయకండి. దానికి "చాలా బావుంది, కళ్లు చెమర్చాయి" తప్ప ఇంకో జవాబు రాదు, వచ్చినా బయటికి రానివ్వరు. "ఎక్కడ చదవడం ఆపి పుస్తకం పక్కన పెట్టారు?" అని అడగండి. ఒక్కొక్కరు ఒక్కో పేజీ చెబుతారు. ఆగిన చోటు చెప్పమంటే తీర్పు చెప్పాల్సిన భయం ఉండదు కాబట్టి, నోరు విప్పనివాళ్లు కూడా పేజీ నంబరైనా చెబుతారు.

ఎవరు ముందు మాట్లాడాలన్నది కూడా చూసుకోవాలి. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఒక మాట అనేశాక చిన్నవాళ్లు దాన్ని కాదనరు, మనసులో ఉంచుకుని బయటికెళ్లాక అనుకుంటారు. కాబట్టి వయసులో అందరికన్నా చిన్నవాళ్లతో మొదలుపెట్టి పైకి రండి. అత్తాకోడళ్లు ఒకే గదిలో ఉంటే చీటీల పద్ధతి బాగా పనిచేస్తుంది: అందరికీ ఒకే రకం కాగితం ముక్కలిచ్చి, "ఆవిడ చేసిన ఏ పని మీకు నచ్చలేదు?" అని పేరు లేకుండా రాయించి, కలిపేసి, మీరే గట్టిగా చదవండి. దండం పెట్టాలి అన్నవాళ్ల చీటీల్లో కూడా ఏదో ఒక అసంతృప్తి బయటపడుతుంది, అసలు చర్చ అప్పుడు మొదలవుతుంది.

గొడవ రేగిందనుకోండి, రేగుతుంది కూడా, అప్పుడు మూడు విషయాలు విడదీయడం మీ పని. ఆవిడకి జరిగింది ఏమిటి, ఆవిడ చేసింది ఏమిటి, దాని గురించి ఆవిడ చెప్పింది ఏమిటి. నూటికి తొంభై గొడవలు ఈ మూడూ కలిపేయడం వల్లే వస్తాయి అని నా అనుమానం. చివరి రోజుల్లో సీతారామయ్య ఈవిడని చూడాలని కోరిన సంగతే తీసుకోండి. ఏళ్ల తరబడి ఊసే లేని మనిషి, ముసలితనంలో, జబ్బుతో ఉండి కబురు పెట్టాడు. ఈవిడ వెంటనే సరేనని వెళ్లలేదు. ఈ చోట గది రెండుగా చీలిపోతుంది. "ఎంతైనా భర్త, ఆ వయసులో ఇంకా కోపమేంటి" అని కొందరు. "వదిలేసి వెళ్లినప్పుడు లేని ప్రేమ ఇప్పుడెక్కడిది, అసలు ఆలోచించడమే ఎక్కువ" అని కొందరు. రెండు పక్షాలూ పుస్తకం మూసేసి మాట్లాడుతున్నాయని గమనించండి. ఒక పక్షం క్షమాగుణం గురించి, ఇంకో పక్షం ఆత్మగౌరవం గురించి, ఇద్దరూ తమకి బాగా తెలిసిన పాట పాడుతున్నారు. అప్పుడు పుస్తకం తెరిపించి ఆ భాగం మొత్తం ఒకరి చేత నెమ్మదిగా చదివించండి. ఆవిడ కోపం అన్నారా, ఇంకేదైనా అన్నారా? ఆవిడ తటపటాయించింది ఎవరి ముందు, ఎవరు వెళ్లమన్నారు, ఎందుకు వెళ్లమన్నారు? ఇలా అడుగుతూ పోతే "వెళ్లాలా వద్దా" అన్న ప్రశ్న పక్కకి జరిగి, ఒక ముసలావిడ మీద చుట్టుపక్కలవాళ్లు ఎన్ని రకాలుగా ఒత్తిడి పెట్టగలరో అన్నది పైకి వస్తుంది. అప్పటికీ అభిప్రాయాలు రెండుగానే ఉంటాయి, ఉండనివ్వండి.

పిల్లల్ని తల్లి దగ్గర వదిలి అజ్ఞాతంలోకి వెళ్లడం మీద ఇంకో రకం మంట. ఇక్కడ తీర్పు చెప్పేది ఎక్కువగా తల్లులే. "నేనైతే వెళ్లను" అంటారు ఖచ్చితంగా. వాళ్లని ఆపకండి, కానీ ఒక్క ప్రశ్న వేయండి: అదే ఇంట్లోంచి తండ్రి కూడా వెళ్లాడు కదా, ఆయన మీద ఈ మాట ఎందుకు రాలేదు? ఈ ప్రశ్న తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడరు, మీరు కంగారుపడి ఆ ఖాళీని నింపకండి. గదిలో ఉన్న మగవాళ్లని కూడా అడగండి, మామూలుగా వాళ్లు "ఆ రోజులు వేరండీ" అని జారుకుంటారు. ఆ రోజులు వేరేనా, ఏ విషయంలో వేరు, అని వెంటపడండి. అమెరికాలోనో బెంగళూరులోనో ఉద్యోగాల కోసం పసిపిల్లల్ని ఊళ్లో అమ్మమ్మ దగ్గర ఉంచినవాళ్లు గుంపులో ఎవరో ఒకరుంటారు, వాళ్లు నోరు విప్పితే చర్చ ఇంకో మెట్టు లోతుకి దిగుతుంది. అయితే వాళ్ల వైపు చూపించి "మీరు చెప్పండి" అనకండి, అది మోటు. వాళ్లంతట వాళ్లు చెప్పాలి.

ఇప్పటి కుర్రాళ్లు విసుక్కునే సంగతి వేరు. "ఇన్ని జరిగినా పార్టీని గట్టిగా ఒక్క మాట అనలేదేంటి?" అంటారు. పార్టీ అభిమానులకేమో ఆవిడ అన్న ఆ కొంచెం కూడా ఎక్కువ అనిపిస్తుంది. ఈ వాదన తేలదు. కాసేపు సాగనిచ్చి, ఆవిడ గొంతు ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ తగ్గింది, రెండు చోట్లు చూపించమని రెండు పక్షాలకీ పని అప్పగించి ముందుకెళ్లిపోండి.

నన్ను అడిగితే తిట్టేవాళ్ల కన్నా పొగిడేవాళ్లతోనే ఎక్కువ ఇబ్బంది. "ఆవిడ మహాతల్లి, అంతటి మనిషిని మనం విమర్శించడమేంటి" అన్నారంటే అక్కడితో చదవడం ఆగిపోయినట్టే. దేవతని చేసి గుడిలో కూర్చోబెట్టాక ఇక ఆవిడ చెప్పింది వినక్కర్లేదు, హారతిస్తే చాలు. ముప్ఫై దాటాక పుస్తకాల సంచీతో మళ్లీ క్లాసులో కూర్చున్న మనిషికి ఫీజు, బట్టలు, తిండి ఎలా గడిచాయి, సంపాదించిన దాంట్లో పిల్లలకి ఏం వెళ్లింది, ఇలాంటి లెక్కల వైపు మాట మళ్లించండి. పైసల మాట వస్తే పూజ దానంతట అదే ఆగుతుంది. ఒంటరిగా ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్న ఆడవాళ్లు గుంపులో ఉంటే వాళ్లకి పనికొచ్చేవి కూడా ఆ పేజీలే.

ఎవరో ఒకరు పుస్తకం వదిలేసి సొంత కథ మొదలుపెడతారు. "మా అమ్మ కూడా ఇంతే..." అని. కొందరు నిర్వాహకులు ఇది టాపిక్ కాదని ఆపేస్తారు, నాకది నచ్చదు. వినండి. కాకపోతే రెండు నియమాలు ముందే చెప్పి ఉంచండి: ఇక్కడ విన్నది బయట ఎవరికీ చెప్పకూడదు, అడగందే సలహా ఇవ్వకూడదు. రెండోది పాటించడం మనవాళ్లకి ప్రాణసంకటం, అయినా పట్టుబట్టండి. వాళ్లు చెప్పడం అయ్యాక "మీ అమ్మగారికీ ఈవిడకీ తేడా ఎక్కడ అనిపించింది?" అని అడిగితే కథ మళ్లీ పుస్తకంలోకి వచ్చేస్తుంది. పోలికలు అందరూ చెబుతారు, తేడా అడిగితేనే ఆలోచిస్తారు.

మీరు చదివిన రచయిత్రి బతికే ఉంటే, మీ ఊళ్లోనే ఉంటే, ఉత్తరం రాయండి. ఫోన్ కన్నా ఉత్తరం నయం, తీరిక ఉన్నప్పుడు చదువుకుంటారు. "మీ పుస్తకం అద్భుతం" అని రాస్తే ఆవిడకి ఒరిగేదేం లేదు. ఏ పేజీ దగ్గర ఎవరు ఏమన్నారో, ఎక్కడ ఒప్పుకోలేదో కూడా మర్యాదగా రాయండి. ఎనభై ఏళ్ల మనిషి విమర్శ తట్టుకోలేదు అనుకోవడం కూడా ఒక రకం చిన్నచూపే. అడగకూడనిది మాత్రం ఒకటుంది: రాయకుండా వదిలేసిన సంగతులు. పుస్తకంలో రాయలేదంటే చెప్పదలుచుకోలేదని అర్థం.

తర్వాతి పుస్తకంగా తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న మల్లు స్వరాజ్యం గారి 'నా మాటే తుపాకీ తూటా' పెట్టుకుంటే బావుంటుంది. అదే పోరాట కాలం, గొంతు మాత్రం పూర్తిగా వేరు. కోటేశ్వరమ్మ గారు తన చేత్తో రాసుకున్నారు, ఇది ఆవిడ చెప్పగా వేరేవాళ్లు రాసింది, కాబట్టి "ఈ వాక్యం ఎవరిది?" అన్న కొత్త ప్రశ్న కూడా వస్తుంది. రెండింటికీ మధ్య నెల రోజులైనా విరామం ఇవ్వండి. తెలుగు చదవడం రాని పిల్లలు రావాలనుకుంటే 'నిర్జన వారధి'కి 2015లో వచ్చిన ఇంగ్లీషు అనువాదం ఉంది, 'ద షార్ప్ నైఫ్ ఆఫ్ మెమొరీ' అని. పేజీ నంబర్లు మాత్రం కలవవు, ఏ అధ్యాయంలో ఉందో చెప్పుకుంటే సరిపోతుంది.