గేటు దగ్గర అలారం: కుక్కకు మోగుతుంది, కారుకు మోగదు

గేటు దగ్గరికి బండి వస్తే మోగేలా సొంతంగా కట్టుకున్న అలారం మొరాయిస్తే అందరూ ముందు కోడ్‌ని అనుమానిస్తారు. చాలాసార్లు తప్పు అక్కడ ఉండదు, సెన్సర్ ఎంపికలోనే ఉంటుంది. బండిలో దేన్ని పట్టుకోవాలి? వేడినా, ఇనుమునా, దారికి అడ్డం రావడాన్నా? విశాఖలో సముద్రం వైపు ఇళ్లకు ఉప్పుగాలి బెడద కూడా తోడవుతుంది.

సమస్య: రాత్రంతా ఊరికే మోగుతుంది

పెట్టింది పీఐఆర్ సెన్సర్, అంటే ఒంటి వేడిని పసిగట్టే రకం అయివుంటుంది. అది వేడిలో తేడా కదిలితే చాలు, మోగిస్తుంది. వీధి కుక్క, పిల్లి, ఎండకు కాగిన గోడ ముందు ఊగే కొబ్బరి మట్ట, అన్నీ దానికి ఒకటే. ఈ రకంలో అందరూ కొనే హెచ్‌సీ-ఎస్ఆర్501 బోర్డు మీద రెండు చిన్న తిప్పుళ్లు ఉంటాయి. ఒకటి దూరానికి, రెండోది ఎంతసేపు మోగాలన్నదానికి. దూరం తగ్గించండి. తెల్ల లెన్స్ కింది సగానికి నల్ల ఇన్సులేషన్ టేపు అంటిస్తే నేల మీద తిరిగేవి చాలావరకు కనబడవు. కరెంటు ఇచ్చిన మొదటి నిమిషం అది తనంతట తానే మోగుతుంది, అప్పుడే తీర్పు ఇచ్చేయకండి.

సమస్య: మే నెల మధ్యాహ్నం ఎదురుగా వచ్చినా పట్టదు

నేల, గోడ కూడా ఒంటి వేడికి దగ్గరగా కాగితే పీఐఆర్‌కు తేడా తెలియదు. దీనికి తిప్పుడు లేదు. పైగా తనవైపు నేరుగా వచ్చేదాన్ని అది సరిగా పట్టదు, అడ్డంగా దాటేదాన్ని బాగా పడుతుంది. అందుకే దారికి పక్కన పెట్టాలి. నా మటుకు పీఐఆర్‌ను ఒంటరిగా నమ్మను.

సమస్య: రోడ్డు మీద లారీ పోయినా మోగుతుంది

పెట్టింది మైక్రోవేవ్ రాడార్ సెన్సర్ అయివుంటుంది, అంటే రేడియో తరంగాలతో కదలికను పట్టే ఆర్‌సీడబ్ల్యూఎల్-0516 లాంటిది. పల్చటి గోడలు దానికి లెక్కలేదు. ఈ పనికి వద్దు.

సమస్య: మాగ్నెటోమీటర్ రీడింగులన్నీ సున్నాలే

బండి ఇనుము భూమి అయస్కాంత క్షేత్రాన్ని వంచుతుంది. ఆ వంపును పట్టేది ఇది. కుక్కలకు మోగదు, చీకటికీ ఎండకూ సంబంధం లేదు. సున్నాలు వస్తే చిప్ చూడండి. హెచ్ఎంసీ5883ఎల్ పేరుతో అమ్మే బోర్డుల్లో చాలావాటి మీద ఉండేది క్యూఎంసీ5883ఎల్. పాతదాని అడ్రస్ 0ఎక్స్1ఈ, దీనిది 0ఎక్స్0డీ. రీడింగులు దాచుకునే లోపలి గదులు, అంటే రిజిస్టర్లూ వేరు, కాబట్టి కోడ్‌లో వాడే లైబ్రరీ మార్చాల్సిందే. సెన్సర్ గేటు దగ్గర, కోడ్ నడిపే ఆర్డునో బోర్డు హాల్లో పెట్టి మధ్యలో పొడవాటి వైరు లాగినా ఇదే గోల. సెన్సర్‌ను ఆర్డునోకు కలిపే ఐటూసీ వైర్లు డబ్బా లోపల పనికి చేసినవి. ఆర్డునోను కూడా గేటు దగ్గరే పెట్టి, ‘వచ్చింది, రాలేదు’ అన్న ఒక్క సిగ్నల్‌ని ఇంట్లోకి పంపండి.

సమస్య: గేటు తీస్తేనే మోగుతుంది, స్కూటీ వస్తే మోగదు

ఇనుప గేటు కూడా ఇనుమే కదా! దూరం రెట్టింపైతే దాని ప్రభావం దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. సెన్సర్‌ను గేటు నుంచి రెండు మూడు మీటర్లు లోపలికి జరపండి. స్కూటీలో ఇనుము తక్కువ, పక్కగోడ మీద సెన్సర్ ఉంటే చాలదు. దారి మధ్యలో పలక కింద పాతాలి.

తవ్వడం ఇష్టం లేకపోతే ఇన్‌ఫ్రారెడ్ బీమ్‌లు, అంటే దారికి అడ్డంగా పోయే కంటికి కనబడని కాంతి గీతలు, రెండు పెట్టండి. నా ఓటు దీనికే. నేల నుంచి సుమారు 65 సెంటీమీటర్ల ఎత్తులో, ఒకదానికొకటి మీటరు దూరంలో ఉండాలి. రెండూ ఒకేసారి తెగితేనే మోగేలా కోడ్ రాయండి. కుక్క కిందనుంచి పోతుంది, ఒక్క మనిషి రెండింటినీ ఒకేసారి అడ్డుకోలేడు. ముందు ఏది తెగిందో చూస్తే వచ్చిందో, వెళ్లిందో కూడా తెలుస్తుంది. ఇద్దరు ఒకరి వెనుక ఒకరు నడిస్తే మోసపోతుంది, అది భరించవచ్చు. ఆ కాంతిని అందుకునే రిసీవర్‌ను తూర్పు ముఖంగా పెట్టకండి. పొద్దున్నే సముద్రం మీంచి వచ్చే ఎండ నేరుగా కొట్టి దాన్ని గుడ్డిది చేస్తుంది. సాలెగూళ్లు వారానికోసారి దులపాలి.

సమస్య: కొన్ని నెలలు బాగా పనిచేసి ఆగిపోయింది

డబ్బా విప్పి కనెక్టర్ పిన్నులు చూడండి. పచ్చగా చిలుము పట్టి ఉంటే ఉప్పుగాలి పనే. వైర్లను నేరుగా సోల్డర్ చేసి, బోర్డుకు తేమ తగలకుండా కాపాడే పూత, అంటే కన్ఫార్మల్ కోటింగ్ కొట్టండి. సెన్సర్ ముఖం మీద మాత్రం పడనీయకండి. వైరు డబ్బాలోకి కింది నుంచి రావాలి, ముందు కాస్త వంపు వదిలితే వాన నీళ్లు అక్కడే కారిపోతాయి. సందులకు సిలికాన్ పెట్టేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు. దాని ఆమ్లం రాగిని తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నది అడిగి తీసుకోండి.